పదిహేనో కర్ర

నేను ఒక తువ్వాలును. మగ్గం మీద పుట్టిన ఎర్రంచు తువ్వాలును. ముఖం తుడుచుకుని తీగ మీద పడేసే గుడ్డే కదా అనుకుంటారేమో, అనుకోండి, తప్పులేదు. కానీ నా బతుకులో నేను తుడిచిన ముఖాలు తక్కువ. తుడిచినవన్నీ గోల్ఫు బంతులు, గోల్ఫు కర్రలు, వాటికంటిన మట్టి, పచ్చగడ్డి పసరు. ఆ పసరు ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు.

నాకు అక్షరం ముక్క రాదు. విన్నది మరిచిపోవడమూ రాదు. ఎప్పుడూ ఒక భుజం మీదే కాపురం కాబట్టి మనుషుల నోటికి దగ్గరగా బతికాను. అన్నీ విన్నాను, అన్నీ చూశాను. నోరు ఒక్కటే లేదు. ఆ నోరు లేకపోవడం వల్ల ఒకసారి నా ప్రాణం ఎంత కొట్టుకుందో చెబుదామనే మిమ్మల్ని కూర్చోబెట్టాను. కాస్త మొదటినుంచీ చెప్పనివ్వండి. నడిమధ్యన మొదలుపెట్టడం నాకు చేతకాదు.

శ్రీకాకుళం అవతల ఒక పల్లెలో వీరాస్వామి అనే నేతగాడు నన్ను నేశాడు. ఆయన భార్య నా కొసల దారాలను తొడ మీద పెట్టి పేనింది. ఒక్కో కొసకు తొమ్మిది కుచ్చులు. తొమ్మిదే ఎందుకని అడిగితే ఆవిడ కూడా చెప్పలేకపోయేది, చెయ్యి అక్కడ ఆగింది అంతే. ఆ కుచ్చులు పద్దెనిమిదీ నా నుదుటి రాతని అప్పుడు నాకేం తెలుసు!

సంతలో నన్ను కొన్నవాడు అప్పన్న. విశాఖపట్నంలో కొండవాలున ఒక గోల్ఫు క్లబ్బు ఉంది. దాంట్లో గడ్డి కోసేవాళ్లకు అతను పెద్ద. ఆరేళ్లు అతని చెమట తుడిచాను. మోకాళ్లు అరిగి పని మానేసిన రోజున నన్ను తీసి, తన కింద పనిచేసే నూకరత్నం భుజం మీద వేశాడు. "ఇదిగో గుంటా, మిషనూ నీదే, తువ్వాలూ నీదే" అన్నాడు. నూకరత్నానికి అప్పటికి పాతికేళ్లు. మనిషి పొడుగు, మాట పొదుపు. అదేం జంటో చూడండి, మాట్లాడని మనిషి భుజం మీద వాగుడుకాయ తువ్వాలు.

గోల్ఫంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. ఎక్కడో దూరాన నేలలో చిన్న కన్నం ఉంటుంది, పక్కన జెండా. కర్రతో బంతిని కొట్టి, ఎన్ని తక్కువ దెబ్బల్లో ఆ కన్నంలో పడేస్తే అంత గొప్ప. అలాంటివి తొమ్మిది పోయేటప్పుడు, తొమ్మిది వచ్చేటప్పుడు, మొత్తం పద్దెనిమిది. కన్నం చుట్టూ గడ్డిని దువ్వినట్టు పొట్టిగా కోసి ఉంచుతారు. దాన్ని గ్రీన్ అంటారు. ఆ గడ్డి ఎటు వాలితే బంతి అటు జారుతుంది. ఎటు వాలిందో కనిపెట్టలేక ఎంతమంది పెద్దమనుషులు మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, రెండో కన్నూ మూసి, చివరికి తప్పు కొట్టారో లెక్కలేదు. నూకరత్నం మాత్రం కూర్చోదు. ఇరవై ఏళ్లు ఆ గడ్డిని చేత్తో నెట్టే మిషనుతో కోసిన మనిషి. నాలుగడుగులు వేస్తే చాలు, అరికాలికే తెలిసిపోతుంది.

ధరణి తొమ్మిదేళ్ల పిల్లగా అక్కడికి వచ్చినప్పటినుంచి మాకు తెలుసు. తండ్రి లేడు. మేనమామ కోదండం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎండలో ఆ పిల్ల వంద బంతులు కొడుతుంటే, నూకరత్నం మిషను ఆపి, "పాపా, గడ్డి సముద్రం వేపు వాలి ఉంది, కూసింత ఎడం పక్కకి కొట్టు" అనేది. పిల్ల కొట్టేది. పడేది. అలా పడ్డ బంతులతోనే ధరణి పెరిగింది. పెద్దయి, డబ్బు పోటీల్లో ఆడే ప్రొఫెషనల్ అయింది. అదే ఏడు క్లబ్బుకు ఇంజన్ మిషన్లొచ్చి, గడ్డి కోసే ఆడవాళ్లను ఇంటికి పంపేశారు. ధరణి తిన్నగా నూకరత్నం ఇంటికొచ్చి, "పిన్నీ, నా సంచి నువ్వు మోస్తావా?" అంది.

అలా నూకరత్నం కేడీ అయింది. కేడీ అంటే సంచి మోసే మనిషి మాత్రమే అనుకునేరు! ఏ కర్ర తియ్యాలో, గాలి ఎటో, గడ్డి ఎటో చెప్పాలి. కేడీ తప్పు చేస్తే శిక్ష ఆడేవాళ్లకు పడుతుంది. నూకరత్నం చదువుకోలేదు, మిగతా కేడీల్లాగా చిన్న పుస్తకంలో రాసుకోలేదు. అందుకని నా కుచ్చులు పట్టుకుంది. ఒక్కో గ్రీన్‌కు ఒక్కో కుచ్చు. జారుడుగా ఉంటే మొదట్లో ముడి, మందంగా ఉంటే చివర్లో ముడి, జెండా స్థలం మారితే రెండు ముడులు. ఆటకు ముందురోజు ఆ ముడులు పడతాయి, మర్నాడు ఆవిడ వేళ్లతో చదువుకుంటుంది. అక్షరం రాని నేను ఒక మనిషికి పుస్తకమయ్యాను, చూశారా!

ఇంకొక్కటి చెప్పాలి, ఇదే అసలైనది. సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. పదిహేనోది ఉంటే, అది ఎంతసేపుంటే అంత శిక్ష. ఒక కన్నానికి రెండు దెబ్బలు కలుపుతారు, అలా నాలుగు దాకా. అందుకే ఆట మొదలయ్యే చోట నూకరత్నం రోజూ కర్రలు లెక్కపెట్టేది. కళ్లంలో ధాన్యం కొలిచినట్టే లెక్క. ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు..." అని పద్నాలుగు దాకా. పక్కనున్న కేడీలు నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వనిచ్చేది.

ఇక ప్రో-యామ్ అని ఒక రోజుంటుంది. అసలు పోటీకి ముందురోజు. పోటీకి డబ్బిచ్చిన పెద్దమనుషులను తృప్తిపరచడానికి, ఒక్కొక్క ప్రొఫెషనల్ అమ్మాయి పక్కన ముగ్గురేసి ఔత్సాహికులను వేసి ఆడిస్తారు. ఆ రోజు ఎన్ని చూశానో! ఫోనులో ఎకరాలు అమ్ముతూనే బంతి కొట్టేవాళ్లను చూశాను. కొట్టే ముందు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి, బంతి కొలనులో పడ్డాక దేవుణ్ణి వదిలేసి కేడీని తిట్టేవాళ్లను చూశాను. దేశంలో పేరున్న అమ్మాయి దగ్గరికెళ్లి, "నీ మోచెయ్యి అలా వంచకమ్మా" అని నేర్పేవాళ్లను చూశాను. అమ్మాయిలు నవ్వుతారు. నవ్వాలి. సాయంత్రానికి వాళ్లకు భుజాల కంటే దవడలే ఎక్కువ నొప్పి పుడతాయి.

చూసేవాళ్లకు అది పండగ. కేడీకి మాత్రం గుండె గుప్పిట్లో పెట్టుకునే రోజు. రేపటి ఆటకు గ్రీన్లు చదువుకోవడానికి అదొక్కటే అవకాశం. ఆ అవకాశంలోనే నలుగురి బంతులు వెతకాలి, నలుగురి బంతులు తుడవాలి, ఇసుక గోతుల్లో వాళ్లు తొక్కిన అడుగులు చదును చెయ్యాలి, ఎవరికీ కోపం రాకుండా చూడాలి.

ఆ బుధవారం అలాంటిదే. సొంత ఊళ్లో పోటీ, మూడు రోజులది. పొద్దున్నే బంతులు తుడుస్తుంటే కోదండం వచ్చాడు. చెడ్డవాడనను. మేనకోడలి కోసం ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి. అంత పెట్టినవాడికి అన్నీ తన చేతిలో ఉండాలనిపిస్తుంది.

"చూడు నూకరత్నం, నీమీద నాకేం కోపం లేదు. కానీ ధరణి పైకెళ్లాలంటే పుస్తకం చదివే కేడీ కావాలి, గుడ్డకు ముడులేసేవాళ్లు కాదు. బెంగుళూరు కుర్రాడితో మాట్లాడి ఉంచాను."

"అలగే బాబూ."

"ధరణి ఒప్పుకోవట్లేదు. సరే, ఈ పోటీ దాకా చూస్తానన్నాను. నీ వల్ల ఒక్క దెబ్బ, ఒక్కటంటే ఒక్కటి శిక్ష పడిందా, వచ్చే వారం సంచి అతనిది. ధరణి కూడా ఒప్పుకుంది."

నూకరత్నం తలెత్తి ధరణి వైపు చూసింది. ఆ పిల్ల దూరాన బూటు తాడు కట్టుకుంటోంది. కట్టిన తాడే మళ్లీ విప్పి కడుతోంది. ఒప్పుకున్నమాట నిజమేనని మా ఇద్దరికీ అర్థమైంది.

"అలగే బాబూ" అంది నూకరత్నం మళ్లీ. భుజం మాత్రం నా కింద రాయిలా బిగుసుకుంది.

ఆ రోజు ధరణితో ఆడడానికి వచ్చిన ముగ్గురిలో పెద్దాయన పట్టాభిగారు. ఇనప బీరువాల కంపెనీ ఆయనది. పోటీకి డబ్బిచ్చినవాళ్లలో ఒకడు. మంచి మనిషే, కానీ ఆయన దగ్గర ఏ వస్తువూ నిలవదు. కళ్లజోడు ఒక గ్రీన్ మీద, టోపీ ఇంకో గ్రీన్ మీద. "నా బీరువాల్లో పెట్టినవి తప్ప నావి ఏవీ భద్రంగా ఉండవమ్మా" అని తనే నవ్వేవాడు. ధరణి ఆట చూసి ముచ్చటపడి, అచ్చం ఆమె ఆడే రకం కర్రలే కొనుక్కున్నాడు. అవే నల్ల పిడులు, అదే బరువు. తేడా ఒక్కటే, మెడ దగ్గర బంగారు రంగులో ఆయన పేరు చెక్కి ఉంటుంది. మిగతా ఇద్దరిలో ఒకరు డాక్టరుగారు, ఒకరు స్థలాల వ్యాపారి. వాళ్లు చిన్న బ్యాటరీ బండిలో తిరుగుతుంటే, కోదండం కూడా వాళ్లతో ఎక్కాడు.

పదిహేను కన్నాల దాకా ఏ గొడవా లేదు. నూకరత్నం ఒక చేత్తో డాక్టరుగారి బంతి తుడుస్తూ, ఇంకో చేత్తో నా కుచ్చుకు ముడేస్తూ నడిచింది. పదహారో దగ్గర తుంపర మొదలైంది. నూకరత్నం ధరణి సంచిని గ్రీన్ పక్కన నిలబెట్టి, కర్రలు తడవకుండా మూతి మీద నన్ను కప్పింది. అప్పుడే డాక్టరుగారి బంతి ఇసుక గోతిలో పడింది. ఐదు దెబ్బలు కొట్టాడు ఆయన. ఇసుకే లేచింది గానీ బంతి లేవలేదు. ఆ గోతిని చదును చెయ్యడానికి నూకరత్నం అవతలికెళ్లింది. ధరణి ఆయనను ఓదారుస్తోంది.

ఇవతల పట్టాభిగారు పొట్టి కర్రతో బంతిని జెండా దగ్గరికి కొట్టి, ఆ కర్రను గడ్డి మీద వదిలేసి, ఇంకో కర్ర పట్టుకుని ముందుకు పోయాడు. వర్షంలో తడుస్తున్న ఆ కర్రను కోదండం చూశాడు. "ఇదీ వీళ్ల జాగ్రత్త!" అని గొణుక్కుంటూ తీశాడు. నల్ల పిడి చూసి ధరణిదే అనుకున్నాడు. నన్ను పైకెత్తి సంచిలో పడేసి, మళ్లీ నన్ను కప్పాడు.

పదిహేనోది.

నా కిందే ఉంది. చల్లగా తగులుతోంది. ఆ బంగారు అక్షరాలు నా పోగులకు ఆనుకుని ఉన్నాయి. ఎలా చెప్పను? గాలికి కాస్త జారి పడదామన్నా తడిసి బరువెక్కిపోయాను. నూకరత్నం తిరిగొచ్చి నన్ను ఎత్తలేదు, సంచి ఎత్తుకుని నడిచింది.

అయినా భయపడలేదు నేను. సాయంత్రం కర్రలన్నీ పరిచి తుడుస్తుంది కదా, అప్పుడు బయటపడుతుంది కదా అనుకున్నాను. ఆ ధీమా ఎంతోసేపు నిలవలేదు. ఆట ముగియగానే కోదండం సంచి అందుకున్నాడు.

"విందులో వేదిక మీద పెట్టాలట. పట్టాభిగారి బీరువా పక్కన సంచి, పక్కన ధరణి, ఫొటో. రేపు పొద్దున్న నేనే తెస్తాను."

"తుడవలేదు బాబూ..."

"ఫొటోలో మట్టి కనపడదులే. ఆ గుడ్డ మాత్రం తియ్యి, బాగుండదు."

నన్ను లాగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం పొయ్యి పక్కన నన్ను ఆరేసి, నూకరత్నం నా కుచ్చులు ఒక్కొక్కటే పట్టుకుని రేపటి ఆటంతా కళ్లు మూసుకుని నడిచింది. "రెండోది జారుడు... ఏడోది ఎగుడు..." పదహారో కుచ్చు దగ్గర వేళ్లు ఆగాయి. అమ్మా, అక్కడే, అక్కడే ఆగు అనుకున్నాను. ముడి సరిగ్గా ఉందో లేదో చూసి పదిహేడుకు పోయింది.

గురువారం పొద్దున్న మళ్లీ తుంపర. ధరణి ఆడే సమయం దగ్గరపడుతున్నా సంచి రాలేదు. విందు జరిగిన హాలు తాళం దొరకలేదట. నూకరత్నం గేటు వైపు చూస్తూ నన్ను పిండుతూనే ఉంది, నా ఒంట్లో నీళ్లు లేకపోయినా. పేరు పిలవబోతుండగా కోదండం పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంచి దించీ దించకముందే ధరణి పెద్ద కర్ర లాక్కుని ఒళ్లు వేడెక్కేలా గాలిలో ఊపడం మొదలుపెట్టింది.

నూకరత్నం సంచి మూతి మీద నన్ను కప్పి, నా కింద చెయ్యి పెట్టి తడుముతూ లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు..." పెదాలు కదులుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. "పన్నెండు, పదమూడు, పద్నాలుగు."

పద్నాలుగు. ఆవిడ ఒళ్లు తేలికపడింది. లెక్క సరిపోయింది.

సరిపోయింది కాబట్టే కొంప మునిగింది. రోజూ కర్రలన్నీ సంచిలో ఉండగా లెక్కపెట్టే మనిషి, ఆ రోజు ఒక కర్ర ధరణి చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయింది. పద్నాలుగు సంచిలో, ఒకటి చేతిలో.

ధరణి కొట్టింది. మంచి దెబ్బ. కర్ర తిరిగిచ్చింది. సంచిలోకి దూర్చేటప్పుడు కాస్త బిగిసింది. తడికి ఉబ్బిందేమో అనుకుని నూకరత్నం నెట్టింది. మొదటి కన్నం అయిపోయింది. నేను లోపల లోపల ఏడుస్తున్నాను.

రెండో కన్నం. జెండా ఎనభై గజాల దూరం. ఆ రోజు ధరణితో ఆడే ఇద్దరు ఆటగత్తెలు అటు పక్కన తమ బంతుల దగ్గరున్నారు. ధరణి జెండాను చూస్తూ వెనక్కి చెయ్యి చాచింది.

"పిన్నీ, పొట్టిది."

నా కింద చెయ్యి పెట్టి కర్ర తల పట్టి లాగింది నూకరత్నం. సగం బయటికొచ్చేసరికి బంగారు అక్షరాలు మెరిశాయి.

చదవడం రాదు కదా ఆవిడకు. కానీ ఆ మెరుపు నిన్నంతా చూసింది. ఆ కర్ర నిన్న ఎన్నిసార్లు గడ్డి మీంచి ఏరి పట్టాభిగారికిచ్చిందో ఆవిడకే తెలుసు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. రెండో చెయ్యి తక్కినవాటి మీద పోయింది. ఈసారి పెదాలు కదల్లేదు. లెక్క కళ్లలోనే జరిగింది.

జనం నిలబడడానికి కట్టిన తాడుకు అవతల పది అడుగుల్లో కోదండం ఉన్నాడు. ఆయనా చూశాడు. బంగారు మెరుపు ఆయనకూ తెలుసు. ఆయన ముఖం చూస్తే ఇప్పుడే ఏదో గుర్తొచ్చిన మనిషిలా ఉంది. తాడు మీదికి వంగి, పళ్ల మధ్యనుంచి అన్నాడు:

"లోపలికి నెట్టు. గుడ్డ కప్పెయ్. ఎవరూ చూళ్లేదు."

నూకరత్నం కదల్లేదు.

"చెబితే నాలుగు దెబ్బలు. పిల్ల మునుగుతుంది. నీ సంచీ పోతుంది, తెలుసుగా? కప్పెయ్యంటుంటే! తొమ్మిదో దగ్గర ఎలాగోలా తీసేద్దాం."

ఆవిడ చేతిలో నా అంచు ఉంది. నన్ను కప్పితే చాలు. జానెడు గుడ్డ. ఎర్రంచు కిందికి లాగితే బంగారు అక్షరాలు ఉండవు, శిక్ష ఉండదు, బెంగుళూరు కుర్రాడు ఉండడు. ఎన్నో మురికులు తుడిచాను గానీ, ఏ మురికినీ కప్పమని నన్నెవరూ అడగలేదు అంతవరకు. ఆ చెయ్యి నా అంచును కిందికే లాగింది. నిజం చెబుతున్నాను, ఒక వేలెడు లాగింది. ఇరవై ఏళ్లు గడ్డి కోసి, మిషన్లొచ్చాక గేటు బయట నిలబడిన మనిషి. ఆ సంచి భుజాన ఉన్నప్పుడే కదా గ్రీన్ నడిమధ్యన తలెత్తి నిలబడేది! నాకు కోపం రాలేదు. లాగితే నేనూ కప్పి ఉండేదాన్నే. నాకేం చేతనవుతుంది?

"పిన్నీ?" అంది ధరణి, ఇంకా జెండానే చూస్తూ.

నూకరత్నం నన్ను సంచి మీంచి తీసింది. తీసి భుజాన వేసుకుంది. ఆ కర్రను పూర్తిగా బయటికి లాగి, తలకిందులు చేసి, పిడి పైకి వచ్చేలా సంచిలో దించింది. ఆడని కర్ర అని చెప్పడానికి అదీ పద్ధతి.

"పాపా, ఆగు. కొట్టకు. సంచిలో పదేను కర్రలున్నాయి."

ధరణి తిరిగింది. ఆ ముఖం నేను మరిచిపోను. తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి కర్ర తగిలి మోకాలు చీరుకున్నప్పుడు ఉన్న ముఖం.

"ఎవరిది?"

"పట్టాభిబాబుది."

"మనలోకి ఎలా వచ్చింది?"

"ఎలగొచ్చినా లెక్క నాది పాపా. నీ సేతిలో కర్ర మర్సిపోనాను."

ధరణి చెయ్యెత్తి నిబంధనలు చూసే ఆవిడను పిలిచింది. ఆవిడ వచ్చి, విని, కాగితం మీద రాసుకుంది. మొదటి కన్నానికి రెండు, రెండో కన్నానికి రెండు. నాలుగు దెబ్బలు. తాడు అవతల కోదండం గొడుగు తెరవడం మరిచి వానలో నిలబడ్డాడు.

ఆ తర్వాత పదహారు కన్నాలు ఎలా నడిచామో! నూకరత్నం కుచ్చు పట్టుకుంటుంది, "ఎడం పక్కకి రెండు వేళ్లు" అంటుంది, ధరణి కొడుతుంది. బంతి పడుతుంది. పడినప్పుడు ఇద్దరూ నవ్వరు. పడినా అప్పు తీర్చుకున్నట్టే ఉంటుంది గానీ గెలిచినట్టుండదు. శుక్రవారం ఇంకా బాగా ఆడింది ఆ పిల్ల. ఏం లాభం? రెండు రోజుల ఆట చూసి సగం మందిని ఇంటికి పంపేస్తారు. ఒకే ఒక్క దెబ్బ తేడాలో ధరణి ఆ సగంలో పడింది. ఒక్కటి. నాలుగులో ఒక్కటి లేకపోయినా శనివారం ఆడేది.

ఆ సాయంత్రం సంచులు పెట్టే గది ముందు బల్ల మీద నూకరత్నం కర్రలన్నీ తుడిచి, వరుసగా పేర్చింది. చివరిసారి తుడిచే పనిలా నిదానంగా తుడిచింది. ఒక్కొక్క కర్రనూ నాలో చుట్టి, కాసేపు పట్టుకుని, వదిలేది. ధరణి మెట్ల మీద కూర్చుని ఉంది.

కోదండం వచ్చాడు. గొంతు పెంచలేదు, పాపం. "అనుకున్నమాటే కదా నూకరత్నం. బెంగుళూరు అబ్బాయికి కబురు పెట్టేశాను" అన్నాడు. ఆయన కళ్లు మాత్రం ఆవిడ వైపు రాలేదు.

"అలగే బాబూ."

అప్పుడే పట్టాభిగారు వగరుస్తూ వచ్చాడు. కళ్లజోడు టోపీ మీద ఉంది, దానికోసం జేబులు వెతుక్కుంటున్నాడు.

"ఏమయ్యా కోదండం, నా పొట్టి కర్ర ఇవ్వవయ్యా! మొన్న వానలో నువ్వు తీసి సంచిలో పెట్టడం గ్రీన్ మీంచి చూస్తూనే ఉన్నా. మంచివాడు, భద్రం చేశాడు అనుకున్నా. అడగడమే మరిచిపోయా. ఇంతకీ ఆట ఏమైందమ్మా ధరణీ? నేను నిన్న ఊళ్లో లేను."

నూకరత్నం గురువారం నుంచి గది మూల విడిగా పెట్టి ఉంచిన ఆ కర్రను తెచ్చి, శుభ్రంగా తుడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దీవించి, కళ్లజోడు దొరక్కుండానే వెళ్లిపోయాడు.

ధరణి మేనమామ వైపు చూసింది. "నువ్వా మావయ్యా?"

"నీదే అనుకున్నానే. వానలో తడుస్తుంటే..." ఆయన జేబులోంచి ఫోను తీశాడు. "నిన్న రెండో దగ్గర గుర్తొచ్చింది. అప్పటికే..."

"పిన్నీ, నీకు తెలుసా?"

"తాడు కాడ బాబుగారి మొకం సూసి పోల్సుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎవులు పెడితే ఏటి పాపా? లెక్కెట్టాల్సింది నానే కదా." చివరి కర్రను సంచిలో దించుతూ అంది. "బాబుగారు సెయ్యి పెట్టింది ఒక్కసారే. నాను మర్నాడు పద్నాలుగనీసి నిబ్బరంగా నిలబడ్డాను."

ధరణి లేచి వచ్చి నన్ను ఆవిడ చేతిలోంచి తీసుకుంది. ముఖం తుడుచుకుంది. చెప్పానుగా, నేను ముఖాలు తుడిచింది తక్కువ. అది ఒకటి.

"కప్పేస్తే నాకు తెలిసేది కాదు కదా పిన్నీ?"

"తెలిసేది కాదు."

"మరి?"

నూకరత్నం ఆలోచించింది. ఆవిడకు పెద్ద మాటలు రావు. "గుడ్డ ఎంతసేపని కప్పుతాది పాపా? మల్లీ బంతి తుడవాల కదా" అంది.

కోదండం చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ధరణి చెప్పకముందే, గది వెనక్కి వెళ్లి బెంగుళూరుకు ఫోను చేశాడు. తిరిగొచ్చి, "వచ్చే పోటీకి సోమవారం కోయంబత్తూరు బండికి మూడు టికెట్లు తీస్తాను. నూకరత్నానికి కిందిబెర్తు" అని మాత్రం అన్నాడు. క్షమించమని అడగడం మగవాళ్లలో కొందరికి బెర్తుల రూపంలోనే వస్తుంది. నేను చూసినంతలో చెబుతున్నాను.

అదంతా జరిగి నాలుగేళ్లయింది. నా మధ్య పోగులు పల్చబడి వెలుతురు కనిపిస్తోంది. తుడవడానికి ఇప్పుడు కంపెనీవాళ్ల తెల్ల తువ్వాలొకటి వచ్చింది. మెత్తగా ఉంటుంది, దానికి కుచ్చుల్లేవు, ఏమీ గుర్తుండదు దానికి. నన్ను మడిచి సంచి పట్టీకి చుట్టి కుట్టేసింది నూకరత్నం, భుజం ఒరుసుకోకుండా. మళ్లీ భుజం మీదికే వచ్చాను. కుచ్చులు బయటికే వేలాడేలా కుట్టింది. ప్రో-యామ్ రోజుల్లో ఇప్పటికీ ముడులు పడుతూనే ఉంటాయి. కోదండం ఆ రోజుల్లో సంచికి పది అడుగుల దూరంలో నడుస్తాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

పోటీ రోజు పొద్దున్న, ఆట మొదలయ్యే చోట, ధరణి పెద్ద కర్ర తీసి ఊపుతూ ఉంటుంది. నూకరత్నం సంచి దగ్గర మొదలుపెట్టదు. ముందు ధరణి దగ్గరికి నడుస్తుంది. ఆ పిల్ల ఊపడం ఆపి, కర్రను ముందుకు చాచి నిలబడుతుంది. నూకరత్నం దాన్ని వేలితో ముట్టుకుంటుంది.

"లాభం" అంటుంది.

తర్వాత సంచి దగ్గరికొచ్చి చెయ్యి పెడుతుంది.

"రెండు."